బాధ ఎరిగినవాని పరామర్శ

జబ్బుపడిన మనిషిని చూడడానికి వెళ్ళడం తోటివారి పట్ల మన బాధ్యతలలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. దీన్నే మనం ఇయాదత్ అంటాము. ఈ బాధ్యతకు మతం అడ్డు కాదు. తనకు సేవ చేస్తుండిన ఒక యూదు బాలుడు జబ్బుపడితే ఆయన స్వయంగా వెళ్ళి పరామర్శించిన సంగతి హదీసు గ్రంథాలలో ఉంది.

మన ఇళ్ళలో ఈ ఆచారానికి లోటేమీ లేదు. ఎవరైనా మంచం పట్టారంటే పళ్ళు పట్టుకుని వెళ్తాము. పది నిమిషాలు కూర్చుంటాము. అల్లాహ్ షిఫా ప్రసాదించుగాక అని దువా చేసి లేస్తాము. ఇదంతా మంచిదే. అయితే ఇయాదత్‌లో మరొక రకం ఉంది. అదే జబ్బు తాను అనుభవించి, దాని నుంచి బయటపడిన మనిషి వచ్చి రోగి పక్కన కూర్చోవడం. దాని విలువ ఎంతటిదో 2017లో నాకు తెలిసివచ్చింది. పాఠక సోదర సోదరీమణులతో ఆ సంగతి చెప్పుకోవడం నా మీద ఉన్న బాకీ అనుకుంటున్నాను.

గొంతు బొంగురు

నేను ఉర్దూ మీడియం బడిలో ఉపాధ్యాయుణ్ణి. ఉదయం ఫజ్ర్ తర్వాత మొహల్లా పిల్లలకు ఖురాన్ పారాయణం నేర్పేవాణ్ణి. ముఅజ్జిన్ ఊళ్ళో లేనప్పుడు అజాన్ కూడా నేనే ఇచ్చేవాణ్ణి. గొంతే నా బతుకుదెరువు, గొంతే నా పేరు ప్రతిష్ఠ. ఒక చెడ్డ అలవాటు కూడా ఉండేది, దాచను. పాతికేళ్ళు సిగరెట్ తాగాను. పిల్లల కంట పడకుండా, మసీదు వాళ్ళ కంట పడకుండా తాగాను. మనుషుల నుంచి దాచగలిగాను గాని ఊపిరితిత్తుల నుంచి, గొంతు నుంచి దాచలేకపోయాను.

ఆ ఏడు ఎండాకాలం ముందు గొంతు బొంగురుపోయింది. తరగతిలో అరిచి అరిచి ఇలా అయిందనుకున్నాను. మిరియాల కషాయం, తేనె, ఉప్పునీళ్ళ పుక్కిలింత, అన్నీ అయ్యాయి. నాలుగు నెలలు గడిచాయి. చివరికి చెవి ముక్కు గొంతు డాక్టరు చూసి, ముక్క తీసి పరీక్షకు పంపారు. స్వరపేటిక కాన్సర్ అని తేలింది. జబ్బు స్వరపేటిక మృదులాస్థి దాకా పాకింది కాబట్టి స్వరపేటికను పూర్తిగా తీసివేయాలన్నారు. మెడ ముందు భాగంలో ఒక రంధ్రం చేస్తారు. ఇక జీవితాంతం ఊపిరి దానిగుండానే. మామూలుగా మాట్లాడడం ఇక ఉండదు.

నేను ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చేశాను. అల్లాహ్‌పై తవక్కుల్ ఉంచాను, దువా చదివిన నీళ్ళు తాగుతాను, ఏది రాసి ఉంటే అది జరుగుతుంది అన్నాను. ముందు ఒంటెను కట్టి, ఆ తర్వాత దేవునిపై భారం వేయాలన్న ప్రవక్త (స) బోధను ఎన్ని వందల మంది పిల్లలకు చెప్పి ఉంటానో! నా వంతు వచ్చేసరికి ఆ పాఠం గుర్తు రాలేదు. నిజం చెప్పాలంటే అది తవక్కుల్ కాదు, భయం. గొంతు లేని బతుకు ఎలా ఉంటుందో నాకు ఊహకు అందలేదు. ఊహకు అందని దానికంటే చావే తేలికగా కనిపించింది.

డాక్టరుగారు చెప్పారు. పెద్దన్నయ్య చెప్పాడు. ఇమాం సాహెబ్ వచ్చి, ప్రాణాన్ని కాపాడుకోవడం విధి అని చెప్పారు. వారు చెప్పిన ప్రతి మాటా సత్యమే. కాని వారందరికీ గొంతు ఉంది. ఆ గొంతుతోనే వారు నాకు చెబుతున్నారు. నా మనసు వినలేదు.

బస్సులో వచ్చిన అతిథి

ఆసుపత్రిలో మాట నేర్పే థెరపిస్టు ఒకామె ఉండేది. ఆమె ఎవరికి చెప్పిందో, ఏమి చెప్పిందో, ఒక ఆదివారం మా ఇంటి ముందు ఒక పెద్దాయన, ఆయన భార్య దిగారు. పాలమూరు వైపు పల్లె నుంచి బస్సులో వచ్చారు. ఆయన ఆర్టీసీలో ఇరవై రెండేళ్ళు కండక్టరుగా చేసినవాడు. 2009లో ఆయనకూ ఇదే ఆపరేషన్ జరిగింది. మెడకు శుభ్రమైన తెల్లబట్ట కట్టుకుని ఉన్నాడు.

కూర్చున్నాక ఆ బట్ట కింద బొటనవేలు పెట్టి రంధ్రాన్ని మూశాడు. కాస్త గరుకుగా, లోతుగా ఒక గొంతు వచ్చింది. "సార్, ఇరవై రెండేండ్లు రైట్ రైట్ అన్న గొంతు. తీసి పారేసిన్రు. ఇప్పుడు గూడ అంటున్న, ఇనుండ్రి" అన్నాడు. "రైట్, రైట్!" అని బస్సు కదిలించినట్టే అన్నాడు. లోపలి గదిలో తలుపు వెనక ఉన్న నా కూతురు నవ్వింది. మా ఇంట్లో ఆ మూడు వారాలలో అదే మొదటి నవ్వు.

ఆయన నాకు ధైర్యం చెప్పలేదు. ఏమీ కాదు అనలేదు. "ఏడువాలనిపిస్తే ఏడువుండ్రి. నేను గూడ ఏడ్చిన. ఏడ్చుడైనంక అడగాల్సినయి అడుగుండ్రి, తెలిసినయి చెప్త" అన్నాడు.

నేను అడిగాను. డాక్టరును అడగడానికి సిగ్గుపడినవన్నీ అడిగాను. అన్నం రుచి తెలుస్తుందా? తెలుస్తుంది గాని వాసన చాలావరకు పోతుంది, ఎందుకంటే గాలి ఇక ముక్కుగుండా పోదు. వేడి చాయ్‌ని ఊది చల్లార్చుకోవడం కుదరదు, సాసర్‌లో పోసుకోవాలి. స్నానం? నెత్తి మీద చెంబుతో కుమ్మరించుకోరాదు, రంధ్రంలోకి నీళ్ళు పోతే ప్రాణం మీదికి వస్తుంది. చెరువులో, బావిలో దిగడమన్నది ఇక మరచిపోవాలి. మనుమలు భయపడతారా? రెండు రోజులు భయపడతారు, మూడోరోజు వేలు పెట్టి చూస్తామంటారు.

చివరికి అసలు ప్రశ్న అడిగాను. "అన్నా, నేను ఖురాన్ చదవగలనా?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "అది నాకు తెల్వదు సార్. నాకు తెల్వని ముచ్చట నేను చెప్ప. మా మనుమరాలికి రాత్రిపూట కత చెప్త. మొదట్ల రాలె. ఏడాదికి వచ్చింది. మీది మీరే జూడాలె. గని జూడాలంటే బతకాలె గద!" అన్నాడు.

నా గురించి ఆ ఇరవై రోజులలో ఎంతోమంది ఎన్నో మాటలు చెప్పారు. "నాకు తెల్వదు" అని చెప్పింది ఆయన ఒక్కడే. అందుకే మిగిలినవన్నీ నమ్మాను. మరునాడే ఆపరేషన్‌కు తేదీ పెట్టించుకున్నాను.

వంటింట్లో జరిగిన సంభాషణ

మేము ముందు గదిలో మాట్లాడుతుండగా ఆయన భార్య వంటింట్లో నా భార్య పక్కన పీట వేసుకుని కూర్చుందట. ఆమె చెప్పిన సంగతులు ఏ చీటీలోనూ రాసి ఇవ్వరు. ఆపరేషన్ అయ్యాక ఆయన పిలవలేడు, కాబట్టి మంచం పక్కన ఒక స్టీలు గ్లాసు, చెంచా పెట్టుకో, అవసరమైతే మోగిస్తాడు అని చెప్పింది. రాత్రిపూట మెడలోంచి వచ్చే ఊపిరి చప్పుడు విని మొదట భయం వేస్తుంది, తర్వాత ఆ చప్పుడు వినపడకపోతేనే భయం వేస్తుంది అని చెప్పింది. కఫం గట్టిపడకుండా గదిలో గాలి తడిగా ఉంచాలని, బట్ట రోజూ ఉతికి ఎండలో ఆరేయాలని చెప్పింది. ఇతను మెడగుండా ఊపిరి తీసుకుంటాడు అని ఒక కాగితం మీద రాసి జేబులో ఎప్పుడూ ఉంచాలని, ఎక్కడైనా పడిపోతే గాలి నోటికి కాక మెడకు అందించాలని తెలియాలి కదా అని చెప్పింది.

"కోపం వస్తది ఆయనకు. మాట రాక గిన్నెలు ఇసిరేస్తడు. నీమీద గాదు చెల్లె, మనసుల పెట్టుకోకు" అన్నదట. ఆపరేషన్ అయిన పదిహేనో రోజున నేను నిజంగానే గిన్నె విసిరాను. నా భార్య ఏడవలేదు. ఆ అక్క ముందే చెప్పింది అని తర్వాత నాతో అన్నది. రోగికి తోడు ఎంత అవసరమో, రోగిని చూసుకునే మనిషికి కూడా అంతే అవసరమని అప్పుడు అర్థమైంది.

మాట ఎలా వస్తుంది?

స్వరపేటిక లేకపోయినా మాట్లాడే మార్గాలు ముఖ్యంగా మూడు ఉన్నాయి. గాలిని అన్నవాహికలోకి మింగి, తేన్పు వచ్చినట్టు పైకి వదులుతూ దానితో మాటలు పలకడం ఒకటి. దీనికి ఖర్చు లేదు, సాధన కావాలి. మెడకు ఆనించి పట్టుకునే కరెంటు పరికరం మరొకటి. దానితో మాట యంత్రం మాట్లాడినట్టు వినిపిస్తుంది. మూడవది శ్వాసనాళానికి, అన్నవాహికకు మధ్య అమర్చే చిన్న వాల్వు. మెడ రంధ్రాన్ని వేలితో మూస్తే ఊపిరి ఆ వాల్వుగుండా అన్నవాహికలోకి పోయి అక్కడి గోడలను కంపింపజేస్తుంది. మన నాలుక, పెదవులు దాన్ని మాటగా మలుస్తాయి.

స్వరపేటికను పూర్తిగా తొలగించే ఆపరేషన్‌ను కాన్సర్ రోగికి మొదట చేసినవాడు థియోడర్ బిల్‌రోత్. 1873లో వియన్నా నగరంలో చేశాడు. నేడు ఎక్కువగా వాడుతున్న వాల్వు పద్ధతిని అమెరికాలో మార్క్ సింగర్, ఎరిక్ బ్లోమ్ 1980లో ప్రకటించారు. బయటి దేశాల వాల్వుకు వేల రూపాయలు అవుతాయి, పైగా కొన్ని నెలలకొకసారి మార్చాలి. పేదలు ఈ ఖర్చు భరించలేక మూగగా మిగిలిపోవడం చూసి బెంగళూరు కాన్సర్ వైద్యుడు డాక్టర్ విశాల్ రావు చాలా తక్కువ ఖర్చులో తయారయ్యే వాల్వును తన మిత్రుడితో కలిసి రూపొందించారు. ఇది తెలుసుకోదగిన విషయం.

నాకు వాల్వు పెట్టారు. మొదటి మాట పలకడానికి వారం పట్టింది. వాక్యం పలకడానికి రెండు నెలలు. ప్రతి శుక్రవారం జుమా తర్వాత ఆ కండక్టర్ అన్న ఫోన్ చేసేవాడు. ఇద్దరు గొంతు లేనివాళ్ళు ఫోన్‌లో మాట్లాడుకోవడం ఇంట్లోవారికి వింతగా ఉండేది. అటు వైపు ఆయన ఒక మాట అనేవాడు, అదే మాట నేను అనాలి. బస్సు ఊళ్ళ పేర్లు చెప్పించేవాడు: జడ్చర్ల, షాద్‌నగర్, శంషాబాద్. శంషాబాద్ దాకా ఊపిరి నిలిస్తే ఆ వారం పాస్ అయినట్టు.

ఒక అక్షరం సంగతి

తజ్వీద్ చదువుకున్నవారికి తెలుసు, అరబీలో కంఠం నుంచి పలికే అక్షరాలు ఆరు. హమ్జా, చిన్న హే, ఐన్, పెద్ద హే, గైన్, ఖే. నేను ఇరవై ఐదేళ్ళు పిల్లలకు నేర్పినవి ఇవే. గొంతు పోయాక నాకు గైన్, ఖే త్వరగానే వచ్చాయి, అవి కంఠంలో పైభాగంలో పలికేవి. ఐన్ అరకొరగా వచ్చింది. చిన్న హే ఈనాటికీ సరిగా రాదు. అల్లాహ్ అనే పేరు చివర ఉన్నది ఆ అక్షరమే.

ఈ సంగతి మీద నేను చాలా రాత్రులు బాధపడ్డాను. మాట రానివాని నమాజు మాట లేకుండానే నెరవేరుతుందన్న మసలా నేను చదువుకున్నదే, పిల్లలకు చెప్పినదే. ఎవరి శక్తి ఎంతో అల్లాహ్‌కు తెలుసు. అయినా మనసు కుదుటపడలేదు. చివరికి ఇది కూడా కండక్టర్ అన్నకే చెప్పుకున్నాను. ఆయనకు తజ్వీద్ తెలియదు, అరబీ తెలియదు. కొంచెం ఆగి, "నీళ్ళడిగితే నా మనుమరాలు 'నీల్లు' అంటది సార్. నేను తేకుంట ఉంటనా?" అన్నాడు. అంతే. ఆ రాత్రి ఇషా నమాజు నేను నిశ్చింతగా చదివాను.

మూసా ప్రవక్త (అ) అంతటివారు తన నాలుక సాఫీగా లేదని మొరపెట్టుకుని, తోడుగా సోదరుడు హారూన్‌ను ఇమ్మని అల్లాహ్‌ను వేడుకున్నట్టు ఖురాన్‌లో ఉంది. ప్రవక్తలే తోడు కోరుకున్నప్పుడు మనమెంత! తోడు ఏ ఇంటి నుంచి, ఏ మతం నుంచి వస్తుందో నిర్ణయించేది మనం కాదు.

దాచుకోవడం ఎవరికి మేలు?

ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను.

నా జబ్బు సంగతి మా ఇంట్లో మొదట దాచారు. గొంతులో గడ్డ అని చెప్పారు. అప్పుడు నా కూతురికి సంబంధాలు చూస్తున్నాము. కాన్సర్ ఉన్న ఇల్లు అంటే ఎవరు వస్తారని భయం. ఈ భయం మా ఒక్క ఇంటిది కాదు. ఆ జబ్బు పేరెత్తడమే అశుభమనుకునే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అది అంటుకుంటుందని గ్లాసులు వేరు పెట్టే ఇళ్ళు కూడా ఉన్నాయి. కాన్సర్ మనిషి నుంచి మనిషికి అంటుకునే జబ్బు కాదు. కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు.

నేను కోలుకున్న తర్వాతి ఏడాది మా వీధిలో ఒక ఇల్లాలు చనిపోయింది. రొమ్ములో గడ్డ. నొప్పి లేదు కదా అని ఏడాదిన్నర ఎవరికీ చెప్పలేదు. మగ డాక్టరు ముందు ఎలా అని సిగ్గు, పిల్లల పెళ్ళిళ్ళని భయం. చెప్పేసరికి జబ్బు ఎముకలకు పాకింది. ఆమె మయ్యిత్ రోజున నా భార్య పక్కన కూర్చున్న ఒక బంధువు మెల్లగా అన్నదట: నాకూ ఇదే జబ్బు వచ్చింది, ఆరేళ్ళ కింద ఆపరేషన్ అయింది, ఎవరికీ చెప్పలేదు అని. ఆమె ఇల్లు చనిపోయిన ఇల్లాలి ఇంటికి నాలుగు గడపల దూరం.

నాలుగు గడపలు! ఒకరికి దారి తెలుసు. మరొకరు దారి తెలియక పోయారు. మధ్యలో మౌనం ఉంది. ఆ బంధువును నేను తప్పుపట్టను. ఆమె కూడా కూతుళ్ళ తల్లి. కాని ఆ రోజు నుంచి నేను మెడ మీద బట్ట కప్పుకుంటాను గాని జబ్బును మాత్రం కప్పుకోవడం లేదు.

ఈ పని ముందు చేసినవారు

బాధపడినవారే బాధపడేవారికి తోడు నిలవడమనేది ఇతర చోట్ల ఒక పద్ధతిగా నాటుకుంది. న్యూయార్క్‌లో టెరీస్ లాసర్ అనే గృహిణికి 1952లో రొమ్ము కాన్సర్ ఆపరేషన్ జరిగింది. చేయి ఎలా కదపాలో, ఏ బట్టలు వేసుకోవాలో ఆమెకు చెప్పినవారు లేరు. తాను కోలుకున్నాక అదే ఆపరేషన్ అయిన స్త్రీల మంచాల దగ్గరికి తానే వెళ్ళడం మొదలుపెట్టింది. డాక్టర్లలో కొందరికి ఇది మొదట నచ్చలేదు. అయినా ఆమె ఆగలేదు. 1969లో అమెరికన్ కాన్సర్ సొసైటీ ఆ పనిని తన కార్యక్రమంగా స్వీకరించింది. స్వరపేటిక పోయినవారి సంఘాలు కూడా అదే 1952లో అమెరికాలో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. మన దేశంలో తాను కాన్సర్ నుంచి కోలుకున్న వందనా గుప్తా 1994లో ముంబైలో వీ కేర్ అనే సంస్థను రోగుల తోడు కోసం స్థాపించారు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని కాన్సర్ ఆసుపత్రి 1955లో మొదలైంది. దానికి మూలపురుషుడు నవాబ్ మెహదీ నవాజ్ జంగ్. ఆసుపత్రి నేటికీ ఆయన పేరుతోనే నడుస్తున్నది. ఏ మతం వారనే భేదం లేకుండా లక్షల మంది పేదలు ఆ గడప తొక్కారు. ఆసుపత్రి కట్టడం నవాబులకే సాధ్యం కావచ్చు. కోలుకున్న మనిషి మరొక మనిషి పక్కన కూర్చోవడానికి మాత్రం బస్సు టికెట్టు చాలు.

పరామర్శకు వెళ్ళేవారికి

కోలుకున్నవారు రోగి దగ్గరికి వెళ్ళేటప్పుడు కొన్ని మర్యాదలు పాటించాలి. ముందు అడిగి వెళ్ళాలి. రోగికి మనసు లేకపోతే మరో రోజు చూసుకోవాలి. మందు మనం చెప్పకూడదు, అది డాక్టరు పని. నాకు వాడిన మందు మీకు పనికిరాకపోవచ్చు, ఒక్కొక్కరి జబ్బు ఒక్కొక్క తీరు. నాకు తగ్గింది కాబట్టి మీకూ తగ్గుతుందని హామీ ఇవ్వకూడదు. తెలియనిది తెలియదనాలి. స్త్రీ రోగి దగ్గరికి స్త్రీ వెళ్ళడం మేలు. ఇంటివారితో కూడా నాలుగు మాటలు మాట్లాడాలి, ఎందుకంటే వారిని అడిగేవారు ఉండరు.

ఇక ఆరోగ్యంగా ఉన్నవారికి ఒక మాట. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే కషాయాలు ఆపి చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళండి. నోట్లో మానని పుండు, మెడలో, రొమ్ములో గడ్డ ఉంటే నొప్పి లేకపోయినా చూపించండి. స్వరపేటిక కాన్సర్‌ను తొలిదశలో పట్టుకుంటే చాలామందికి గొంతు తీయకుండానే వైద్యం చేయవచ్చు. నా నాలుగు నెలల ఆలస్యం వెల ఏమిటో మీరు చదివారు. సిగరెట్, బీడీ, జర్దా, గుట్కా ఈ రోజే మానండి.

నేను మళ్ళీ బడికి వెళ్తున్నాను. నడుముకు చిన్న స్పీకరు, చెవి పక్కన మైకు. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం గుసగుసలాడుకుంటారు, తర్వాత అలవాటు పడతారు. మా అమ్మాయి పెళ్ళి జరిగింది. వియ్యంకులకు జబ్బు సంగతి ముందే చెప్పాము. అజాన్ మాత్రం ఇక నేను ఇవ్వను. నేను నేర్పిన కుర్రాడు ఇస్తున్నాడు. అతని అజాన్‌కు పెదవులతో జవాబు చెప్పుకుంటాను.

థెరపిస్టు ఫోన్ చేసినప్పుడల్లా నేను కూడా వెళ్తున్నాను. ఇప్పటివరకు తొమ్మిది ఇళ్ళకు వెళ్ళాను. ముగ్గురు ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. అది వారి నిర్ణయం. ఆరుగురు ఒప్పుకున్నారు. వారిలో నలుగురితో ఈనాటికీ ఫోన్‌లో ఊళ్ళ పేర్లు చెప్పిస్తుంటాను.

సోదర సోదరీమణులారా! మీలో ఎవరైనా ఈ జబ్బు నుంచి బయటపడి ఉంటే, మీ నుంచి నాలుగు గడపల అవతల ఎవరో ఈ రాత్రి నిద్రపోకుండా ఉన్నారేమో ఆలోచించండి. అల్లాహ్ మీకు ఇచ్చిన ఆయుష్షులో ఒక గంట వారిది. రోగులందరికీ అల్లాహ్ స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.